మామ్మకి సిక్ వేసిన ఆదివారం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఏనాడూ మంచిది కాదు. ఆ సంగతి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగు క్రైస్తవ సంఘం మొత్తానికి తెలుసు. అయినా ఇరవై రెండేళ్లకే సంఘం రిజిస్టరు తెచ్చి నా చేతిలో పెట్టారు. నా మీద ప్రేమ పొంగి కాదు, గతిలేక. నా ఈడువాళ్లంతా హిందీ మీడియం సరుకు. తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడేవాళ్లు. నాకు మాత్రం మా నాన్న బైబిలు ముందేసుకుని, చెవి మెలిపెట్టి మరీ తెలుగు నేర్పాడు. కాబట్టి సంఘానికి ఏ కాగితం వచ్చినా చదవడం, సంఘం నుంచి ఏ కాగితం పోవాలన్నా రాయడం నా పని. హార్మోనియం కూడా నాదే. ఇంక నా పొగరు గురించి వేరే చెప్పాలా?

ఇది ఎనభైల చివరి మాట. హిందీవాళ్ల ఆరాధన ఎనిమిదింటికి మొదలై పదికి అయిపోతే, అదే హాల్లో మాది పదిన్నరకి. ముందు వరసలో, నా హార్మోనియానికి మూరెడు దూరంలో, చాప మీద ఒక ముసలావిడ కూర్చునేది. చుట్టరికం ఏమీ లేకపోయినా మేమంతా మామ్మ అనే పిలిచేవాళ్లం. ఆవిడ భర్త సిక్ లైన్లో ఖలాసీగా చేసేవాడు. రైల్వేవాళ్లకి సిక్ లైనంటే చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తాను. యార్డులోకి వచ్చిన ప్రతి వ్యాగన్ చక్రాన్నీ సుత్తితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగిందంటే ఎక్కడో పగులున్నట్టు. అప్పుడు ఆ వ్యాగన్ ఒంటి మీద సుద్దముక్కతో ఇంగ్లీషులో ‘సిక్’ అని రాసి, బండిలోంచి విడదీసి, మరమ్మతు చేసే లైన్లోకి తోస్తారు. అదే సిక్ లైను. బాగయ్యాక ‘ఫిట్’ అని రాసి మళ్లీ బండికి తగిలిస్తారు. ఇంక పనికిరాదనుకుంటే ‘కండెమ్’. అది తుక్కు కిందకి పోతుంది.

మామ్మ భర్త ఆ పనిలో ఉండగానే పోతే, ఆవిడకి స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగ్ రూమ్‌లో ఆయా ఉద్యోగం ఇచ్చారు. అదీ ముగించుకుని, పిల్లాజెల్లా లేని మనిషి, పట్టాల అవతల సిర్గిట్టిలో ఒక రేకుల గది అద్దెకి తీసుకుని ఒక్కతే ఉండేది. చదువు రాదు. పాటలు మాత్రం అన్నీ నోటికి వచ్చు. ముప్పై ఏళ్లు సంఘంలో పాట ఎత్తింది ఆవిడేనట. నేను హార్మోనియం ముందుకి వచ్చేసరికి చెవులు పోయాయి. గొంతు పోలేదు, అదీ నా ఖర్మ. మేమంతా చరణం ముగించి ఊపిరి పీల్చుకుంటుంటే ఆవిడొక్కతే సగం చరణం వెనక, రేకులు ఎగిరిపోయేలా పాడుతుండేది. ఆవిడ వచ్చి కలిసేదాకా నేను హార్మోనియం మెట్ల మీద వేళ్లు అదిమి ఆగాలి. ప్రతి పాటకీ, ప్రతి ఆదివారం. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడు మేలో పై కార్యాలయం నుంచి నాలుగు పేజీల కాగితం వచ్చింది. మీ సంఘం ఆరోగ్యంగా ఉందా, సభ్యులంతా కలిసి కూర్చుని దాపరికం లేకుండా చూసుకుని మాకు రాయండి అని. ఆరాధనలో ఉత్సాహం ఉందా, ఒకరి కష్టంలో ఒకరు నిలబడుతున్నారా, కొత్తవాళ్లకి చోటిస్తున్నారా, ఇలాంటి ప్రశ్నలు మూడు పేజీలు. నాలుగో పేజీలో గళ్లు గీసి ఉన్నాయి. బలహీనంగా ఉన్న కుటుంబాలేవో గుర్తించి, మూడు నెలల్లోగా పెద్దలు వాళ్ల ఇంటికి వెళ్లి, కూర్చుని, కష్టసుఖాలు అడిగి, వెళ్లిన తేదీ ఆ గడిలో వెయ్యాలి. నేనే ఇదంతా తెలుగులో చదివి వినిపించాను. చక్కగా, ఒత్తులు పలికి మరీ చదివాను.

మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, మెత్తని మనిషి. ఎంత మెత్తనంటే ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల అభిప్రాయమే ఆయన అభిప్రాయం. గట్టిగా మాట్లాడేది మా సంఘపెద్ద. యార్డులో వ్యాగన్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఆ సుత్తి పట్టిన చెయ్యి బైబిలు పట్టుకున్నా సుత్తిలాగే పట్టుకునేది.

‘‘ఏటండీ అయ్యగారూ ఈ ప్రశ్నలూ జవాబులూ?’’ అన్నాడాయన. ‘‘బండీ, నువ్వు బాగున్నావేటీ అని బండిని అడుగుతామేటండి? డబ్బా డబ్బాకీ సుత్తేసి సూస్తాం. ఇదీ అంతే. పుస్తకంలో ఉన్న ఇల్లు ఇల్లుకీ సూద్దాం. ఫిట్టు, సిక్కు, కండెమ్. మూడే ముక్కలు.’’

రైల్వే సంఘం కదా, ఆ మాట అందరికీ బెల్లం ముక్కలా రుచించింది. అయ్యగారు నవ్వి తలూపారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్లకి పోకూడదనీ, సమోసాలూ టీ ఉంటాయనీ ప్రకటించారు.

ఆ ఆదివారం సండేస్కూలు నల్లబల్ల తెచ్చి ముందు నిలబెట్టారు. నేను రిజిస్టరులోంచి ఒక్కో ఇల్లూ చదవాలి. జనం చేతులెత్తి తేల్చాలి. సంఘపెద్ద సుద్దముక్కతో బల్ల మీద రాయాలి. వరసగా అంకెలు వేసుకుని, అంకె పక్కన యార్డులో రాసినట్టే ఇంగ్లీషులో రాశాడు. మొదట్లో నాలుగైదు ఇళ్లు మొహమాటంగా ఫిట్ అయ్యాయి. తర్వాత తాగుబోతు డ్రైవరు ఇల్లు వచ్చింది. భార్య ఒక్కతే వచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ‘‘సిక్కే, అడగడమెందుకు?’’ అని వెనకనుంచి ఎవరో అన్నారు. చేతులు లేచాయి. ఇంక అక్కడినుంచి జనానికి రుచి దొరికింది.

నేను ముందు నిలబడి అందరి మొహాలూ చూశాను కాబట్టి చెప్తున్నాను. తన ఇల్లు వచ్చేదాకా ప్రతి మనిషీ తల వంచుకుని కూర్చునేవాడు. తన ఇల్లు దాటిందా, తలెత్తి పక్కింటివాడికి సిక్ వెయ్యమని చెయ్యెత్తేవాడు. కూతురు గుజరాతీ అబ్బాయిని చేసుకుందని ఒక ఇంటికి కండెమ్ వేశారు. ఆ తల్లి లేచి చెప్పులు వేసుకుంటుంటే కూడా చేతులు దించలేదు. ఆరేళ్లుగా సొంత తమ్ముడితో మాటల్లేని సంఘపెద్ద తన ఇంటి అంకె పక్కన తనే ఫిట్ రాసుకున్నాడు. తమ్ముడు హాలుకి ఆ చివర కూర్చుని చూస్తున్నాడు.  మా ఇల్లు కూడా ఫిట్. మా నాన్న గూడ్సు గార్డు, ఆదివారాల్లో సగం డ్యూటీలోనే ఉంటాడు, అయినా నేను రిజిస్టరు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటే ఎవడు చెయ్యెత్తుతాడు?

మామ్మ అంకె వచ్చేసరికి సమోసాలు అయిపోయి టీ నడుస్తోంది. ‘‘మామ్మకేటి, ఫిట్టే’’ అన్నారు ఇద్దరు ముగ్గురు. సంఘపెద్ద సుద్దముక్క బల్ల మీద ఆన్చాడు కూడా. నేను నోరు మూసుకుంటే అక్కడితో అయిపోయేది.

‘‘ఫిట్టా? ఇక్కడ పాసింజరు బండి కోసం ఎక్స్‌ప్రెస్ వారంవారం పక్కన లూప్ లైన్లో పడుంటోంది. ఎంతకాలం ఆపమంటారు?’’ అన్నాను, హార్మోనియం వైపు చెయ్యి చూపించి.

హాలు ఘొల్లుమంది. టీ పొలమారి దగ్గారు కొందరు. సంఘపెద్ద కళ్లు తుడుచుకుని, ‘‘బాగా సెప్పినాదిరా గుంట! ఒక్క డబ్బా యాక్సిలు ఏడెక్కితే బండంతా నిలబడిపోద్ది, నిజివే’’ అన్నాడు. చేతులు లేచాయి. ఆయన సిక్ రాశాడు. మామ్మ చాప మీద కూర్చుని అందరి మొహాలూ చూస్తూ, వాళ్లు నవ్వుతున్నారని తనూ నవ్వింది. బోసినోరు తెరిచి, చేత్తో తొడ మీద కొట్టుకుంటూ నవ్వింది.

పదకొండు ఇళ్లకి సిక్, మూడిళ్లకి కండెమ్. జనం చెప్పులు వెతుక్కుంటుంటే మామ్మ నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చి, ఇందాక అందరూ నవ్వినప్పుడు రాసిన అంకె పక్కన వేలు పెట్టింది.

‘‘ఈ రాత నాకు తెల్సే గుంటా. మీ తాతకి సద్ది అట్టుకుని సిక్ లైనుకి ఎల్లీదాన్ని గదా. డబ్బాల మీద సూసి సూసి, ఇదొకటీ ఫిట్టొకటీ నేర్సుకున్నాను. నాకొచ్చిన సదువు ఆ రెండు ముక్కలే. ఇది ఎవులికేసినారు?’’

‘‘నీకే మామ్మా. పాటలో వెనకబడిపోతున్నావని!’’ అని ఆవిడ చెవి దగ్గర అరిచాను. అరిచి, మొహం మాడిపోతుందేమోనని చూశాను. ఆ సరదా కూడా ఉంది నాలో, దాచుకోవడం దేనికి?

మొహం మాడలేదు. ‘‘అచ్ఛా’’ అంది. కాసేపు ఆ అక్షరాలనే చూసింది. ‘‘నిజివేలే. ఇనపడదు మరి. మంచి పనే సేసినారు. సిక్కేస్తే బాగుసేస్తారు. మీ తాత అనీవోడు, బాగున్న డబ్బాని ఎవులూ సూడరు, సిక్కైనదాని సుట్టూ నలుగురు మనుషులుంటారని. మరి ఎప్పుడొస్తారు?’’

నాలుగో పేజీ నేనే కదా చదివాను. మూడు నెలల్లోగా వస్తారని చెప్పాను.

‘‘పెద్దలొస్తారేటి? నా ఇంటికి?’’

‘‘వస్తారు.’’

‘‘అయితే ఆదివారం మద్దేనం రమ్మను. ప్రార్తన అయిపోనాక. ఇంట్లోనే ఉంటాను. ఫిట్టేసే దాకా నాను ఇక్కడికి రానులే.’’

‘‘అదేంటి మామ్మా?’’

‘‘సిక్కేసిన డబ్బాని బండికి తగిలించకూడదే. రూలు అది. తగిలిస్తే బండంతా పడిపోద్ది. గార్డు కూతురివి, నీకు తెల్దేటి?’’ అంది, నా అజ్ఞానానికి జాలిపడుతున్నట్టు.

వెర్రి మామ్మా, ఇది యార్డు కాదు, ఆ రాతలకి అర్థం లేదు, వచ్చే ఆదివారం వచ్చి ఎప్పటిలాగే కూర్చో అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ‘‘సరే మామ్మా, బేగి ఎల్లు, గేటు పడిపోద్ది’’ అన్నాను. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, లెవెల్ క్రాసింగు గేటు పడకముందే దాటాలని గబగబా వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం పాటలు రైలు పట్టాల మీద పరిగెత్తినట్టు పరిగెత్తాయి. నేను ఎక్కడా ఆగలేదు. నా గొంతు నాకే అంత బాగుందని అప్పటిదాకా తెలియదు. ఆరాధన పది నిమిషాలు ముందే అయిపోయింది. ‘‘ఇవాళ పాటలు బాగున్నాయమ్మా’’ అని ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి చెప్పారు.

మూడో ఆదివారానికి అయ్యగారు అడిగారు. ‘‘మామ్మ కనబడటం లేదేమిటమ్మా?’’

నేను నోరు విప్పేలోగా సంఘపెద్ద అందుకున్నాడు. ‘‘సిక్కేసినామని ఉడుక్కున్నాదండి. ముసిల్దానికి ఇంత పౌరుషమేటండీ!’’

అందరూ నవ్వారు. ఆవిడకి పౌరుషం లేదని, రూలు పాటిస్తోందని, మా కోసం తలుపు తీసుకుని కూర్చుందని ఆ హాల్లో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేనూ నవ్వాను. ‘‘ఆ ఇల్లు నా వంతుకి రాసుకున్నానండి, వెళ్లి మాట్లాడతాను’’ అన్నాను. అయ్యగారి మొహం వెలిగింది.

వెళ్లలేదు. వానలు పట్టుకున్నాయి, సిర్గిట్టి రోడ్డు బురద. బ్యాంకు పరీక్షకి చదువుకుంటున్నాను. గేటు దగ్గర గూడ్సు బండి వస్తే అరగంట నిలబడాలి. ఇవన్నీ అప్పట్లో నాకు నేను చెప్పుకున్నవి. అసలు సంగతి అది కాదు. వెళ్తే ఫిట్ అని చెప్పాలి. చెప్తే వచ్చేస్తుంది. వస్తే మళ్లీ నేను మెట్ల మీద వేళ్లు పెట్టి ఆగాలి. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను, లేదు.

మిగతా పది ఇళ్లకి మాత్రం ఎవరు వెళ్లారు? అయ్యగారు రెండిళ్లకి వెళ్లారు. సంఘపెద్ద వంతుకి నాలుగిళ్లు రాశాం, ఒక్కదానికీ పోలేదు. ఆగస్టు నెలాఖరున అయ్యగారి ముందుగదిలో కూర్చుని రిపోర్టు నింపాం. నాలుగో పేజీలో రెండు తప్ప గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. అయ్యగారు గళ్లనీ మా మొహాల్నీ మార్చిమార్చి చూశారు. ‘‘ఖాళీగా పంపితే బాగుండదు కదా’’ అన్నారు నెమ్మదిగా. సంఘపెద్ద గొంతు సవరించుకుని, ‘‘ఎల్లే ఉద్దేశం ఉన్నాది గదండీ, రాసీండి’’ అన్నాడు. యార్డులో సుత్తి తగలని చక్రానికి ఆయన ఏనాడూ ఫిట్ రాసి ఎరగడు. ఆ విషయంలో ఆయన నిజాయితీ గురించి కాలనీ అంతా చెప్పుకునేవాళ్లు.

తిలాపాపం తలా పిడికెడు. నేను మంచి దస్తూరీతో తేదీలు వేశాను. మామ్మ పేరు ఎదురుగా ఆగస్టులో ఒక ఆదివారం వేసి, ‘పెద్దలు వెళ్లి పలకరించారు’ అని రాసి, చివరి గడిలో ఇంగ్లీషులో ఫిట్ అని రాశాను. పదకొండుకీ ఫిట్. సంఘపెద్ద సంతకం పెట్టాడు. అయ్యగారి భార్య, మా అమ్మగారు, పకోడీలు పెట్టారు.

నవంబరులో జవాబు వచ్చింది. మీ సంఘం మిగతా సంఘాలకి ఆదర్శమని, ముఖ్యంగా బలహీనుల విషయంలో మీరు చూపిన శ్రద్ధ మెచ్చుకోదగినదని. అయ్యగారు చదివి వినిపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. సిక్ వేయించుకున్నవాళ్లూ కొట్టారు. జిలేబీలు పంచారు. ఆ ఉత్తరం, దాంతోపాటు మా రిపోర్టు కార్బన్ కాపీ నేను సంచీలో పెట్టుకుని నెల రోజులు తిప్పాను. వచ్చినవాళ్లకి చూపించుకోవద్దూ!

డిసెంబరులో, క్రిస్మస్‌కి ముందు, విధవరాళ్లకి దుప్పట్లు పంచమని అమ్మగారు అందరికీ తలా ఒకటి ఇచ్చారు. నాకు మామ్మ దుప్పటి వచ్చింది. ‘‘నీకు ఇల్లు తెలుసు కదమ్మా, ఆగస్టులో వెళ్లొచ్చావుగా’’ అన్నారు. తెలుసన్నాను. వెతుక్కుంటూ వెళ్లాను.

బుధవారం మధ్యాహ్నం. సిర్గిట్టిలో ఫ్యాక్టరీ గోడ పక్క సందులో రేకుల గదుల వరస. ఇంటి యజమానురాలు, ఛత్తీస్‌గఢీ ఆవిడ, బయట మంచం మీద వడియాలు ఎండబెడుతోంది. తెలుగు మామ్మ ఇల్లేదని అడగ్గానే లేచి నిలబడింది.

‘‘చర్చ్‌వాలే ఆ గయే?’’ అంది. వచ్చారా చర్చివాళ్లు అని. ఆ మాటలో ఆశ్చర్యమే ఉంది, వెటకారం లేదు. తర్వాత హిందీలో చెప్పింది, మీ కోసం ప్రతి ఆదివారం నా దగ్గర రెండు కుర్చీలు పట్టుకెళ్తుంది, ఇవాళ వస్తారంటుంది, చీకటి పడ్డాక తెచ్చి ఇచ్చేస్తుంది, ఇవాళ ఆదివారం కాదు కదా, ఉండు నేనే తెస్తాను అని. లోపలికి పరిగెత్తి రెండు ఇనప కుర్చీలూ రెండు చేతులతో మోసుకొచ్చింది. ఒకటి చాలన్నాను. వినలేదు.

మామ్మ మంచం మీద పడుకుని ఉంది. మనిషి సగమైపోయింది. నన్ను చూసి గోడ పట్టుకుని లేచి కూర్చుంది. జుట్టు సర్దుకుంది. నా వెనక గుమ్మంలోకి చూసింది.

‘‘పెద్దలేరీ?’’

‘‘నేనే వచ్చాను మామ్మా.’’

‘‘పోన్లే. నువ్వైనా సాల్లే.’’ రెండో కుర్చీ నా పక్కన ఖాళీగా ఉంది. ఆవిడ కళ్లు దాని మీదికి పోయి వచ్చాయి. గూట్లో రెండు పింగాణీ కప్పులు బోర్లించి ఉన్నాయి, మా కోసమేనని అడగక్కర్లేకుండా తెలిసింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నిటారుగా కూర్చుని, ‘‘ఊఁ, అడుగు. ఏటడుగుతావో అడుగు’’ అంది.

 సంచీలోంచి దుప్పటి లాగాను. దాంతోపాటే ఆ కార్బన్ కాపీ జారి మంచం మీద పడింది. తీసుకోబోతే ఆవిడ చెయ్యి ముందే పడింది.

‘‘సంగం కాగితమేటి? నా రాత ఉన్నాదేటి ఇందులో?’’ కళ్ల దగ్గరికి పెట్టుకుని గళ్ల వెంట గోరు జరుపుకుంటూ వెళ్లింది. చివరి గడుల దగ్గర గోరు ఆగింది. ‘‘ఇది ఫిట్టు గదా? ఇదీ ఫిట్టే. ఇదీ. నాది ఏది గుంటా?’’

చదువు రాని మనిషికి ఏ అబద్ధమైనా చదివి వినిపించొచ్చు. ఆవిడకొచ్చిన రెండు ముక్కల్లో ఒకదాన్ని ఆ కాగితం నిండా పరిచిపెట్టాను నేను. వేలుతో చూపించాను.

‘‘నాకు ఫిట్టే ఏసినారా!’’ మొహమంతా విచ్చుకుంది. అంతలోనే ఏదో అడ్డం పడింది. ‘‘ఎప్పుడేసినారు?’’

‘‘ఆగస్టులో.’’

‘‘ఎవులొచ్చినారు?’’

నేను దుప్పటి మడత విప్పడం మొదలుపెట్టాను. ఆవిడే ఆలోచించుకుంది.  బయట యజమానురాలు వడియాలు తిరగేస్తోంది.

‘‘ఆగస్టంటే ముసురు గదా. కుళాయికాడికి ఎల్లుంటాను. నేకపోతే తలుపు కొట్టినారేమో, నాకినపడనేదు. ఓలమ్మో! ఆ బురదలో అంత దూరం వచ్చి, పెద్దోళ్లు, గుమ్మంకాడినుంచి ఎలిపోనారేటి?’’ నా చెయ్యి పట్టుకుంది. ‘‘మీ మీద తప్పెట్టుకున్నాను గుంటా. ఎవులూ రారు, నన్ను కండెమ్ సేసీసినారని ఏడ్సుకున్నాను. పాపం వచ్చినారు, నానే ఇంట్లో నేకపోయినాను. ఊరికినే ఇన్నాళ్లు కూకున్నాను. నువ్వైనా సెప్పనేదేటే?’’

‘‘మర్చిపోయాను మామ్మా’’ అన్నాను.

‘‘సిన్నదానివి, సదువుల్లో ఉంటావు’’ అంది. లేచి టీ పెట్టబోయింది. పనుందని చెప్పి వచ్చేశాను. గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతున్నంతసేపూ నిలబడి వ్యాగన్లు చూశాను. సిగ్గనిపించిందా అని ఎవరైనా అడిగితే, అనిపించింది. దానికంటే ఎక్కువగా, ఇప్పుడు ఆదివారం మామ్మ వచ్చేస్తుందే అనిపించింది.

వచ్చింది. తెల్లచీర, పైన ఆ కొత్త దుప్పటి. హాలంతా నిండి ఉంది, క్రిస్మస్ ముందు ఆదివారం కదా. సాక్ష్యాల సమయంలో మామ్మ నా హార్మోనియం పట్టుకుని లేచి నిలబడింది. మా దగ్గర అలవాటు ఏమిటంటే, ఎవరైనా దేవుడు చేసిన మేలు చెప్పి ముగించగానే సంఘపెద్ద ‘స్తోత్రం’ అంటాడు, వెంటనే హాలంతా ‘స్తోత్రం’ అంటుంది. అన్నాక గానీ చెప్పినవాళ్లు కూర్చోరు.

‘‘సంగానికి వందనాలు’’ అంది మామ్మ. చెవుడు కదా, గొంతు అంతా బయటికే. ‘‘నాకు సిక్కేసినారు. నాను బాగుపడాలని ఏసినారు. వానలో, బురదలో పట్టాలు దాటుకుని పెద్దలు నా ఇంటికి వచ్చినారు. ఆ ఏళకి నాను ఇంట్లో నేకపోయినాను. మీరు తలుపుకాడ నిలబడి ఎలిపోనారు. నన్ను సెమించండి. అయినా నామీద కోపం ఎట్టుకోకుండా నాకు ఫిట్టేసినారు. నాలాంటిదాని కోసం ఎవులొస్తారు? మీరొచ్చినారు. దేవుడికి స్తోత్రం, మీకు వందనాలు.’’

తాగుబోతు డ్రైవరు భార్య తలెత్తి నన్ను చూసింది. ఆవిడకీ ఫిట్ వేశాం, ఆవిడ గుమ్మం కూడా ఎవరూ తొక్కలేదు. ఆ పక్కన ఇంకొకరు, వెనక మరొకరు. ఒక్కొక్క తలే పైకి లేచింది. ఆ మూడు నెలలూ తమ ఇంటికి ఎవరూ రాలేదని వాళ్లందరికీ తెలుసు, కానీ మిగతావాళ్ల ఇళ్లకి వెళ్లారేమో అనుకున్నారు. మామ్మ కూడా వచ్చినవాళ్లెవర్నీ కళ్లతో చూడలేదని ఇప్పుడు విన్నారు. అయ్యగారు బైబిల్లో ఏదో పేజీ వెతుక్కుంటున్నారు. సంఘపెద్ద నేల చూస్తున్నాడు. ఆయన అనాలి. అనలేదు. ఎవరూ అనలేదు. 

మామ్మ నిలబడే ఉంది. చెవి వెనక చెయ్యి పెట్టుకుని అందరి వైపూ చూసింది. తర్వాత నా మీదికి వంగింది.

‘‘అన్నారేటి గుంటా? నాకినపడనేదు.’’

‘‘అన్నారు మామ్మా’’ అని ఆవిడ చెవిలో అరిచాను, హాలంతా వినేలా. ‘‘అందరూ అన్నారు, కూర్చో.’’